కొబ్బరి చిప్పలో తొడిమలు: గుంటూరు మిర్చి షెడ్డులో నా ఫీల్డ్‌వర్క్ డైరీ

జనవరి 22

ఈ రోజు పని మొదలైంది. విజయవాడలో తెల్లవారుజామున బస్సెక్కితే మంగళగిరి, కాజ దాటి ఎండ ఎక్కకముందే గుంటూరు చేరుకోవచ్చు. బస్టాండు నుంచి షేర్ ఆటోలో చుట్టుగుంట. దిగకముందే యార్డు దగ్గరపడిందని ముక్కు చెబుతుంది, కళ్ళు చెబుతాయి. ఆటోలో చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నది నేనొక్కదాన్నే. నోట్సులో మొదటి వాక్యంగా అదే రాశాను.

గుంటూరు మిర్చి యార్డు గురించి ప్రతి సీజన్‌లో పత్రికలు రాస్తూనే ఉంటాయి. ధరలు, ఎగుమతులు, వరుసగా పేర్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు), వేసవి సెలవులు, శీతల గిడ్డంగుల్లో నిల్వలు. నిన్న తేజ రకం ఎంత పలికింది, బాడిగ రకం ఎంత పలికింది అని అడిగితే ఇక్కడ టీ కొట్టులో కూడా చెబుతారు. చుట్టుపక్కల షెడ్లలో నేల మీద కూర్చుని కాయ కాయకూ తొడిమ తీసే ఆడవాళ్ళ సంగతి ఆ వార్తల్లో ఎప్పుడో గానీ కనిపించదు. కారం పట్టించేవాళ్ళకు, ఎగుమతిదారులకు తొడిమ లేని కాయ కావాలి. తొడిమలో ఘాటు ఉండదు, దండగ బరువు, కలిపి పట్టిస్తే కారం ఎరుపు తగ్గుతుంది. ఆ తొడిమ తీసే చేతుల గురించే నా పరిశోధన.

షెడ్డు ఎవరిదో, ఏ సందులో ఉందో రాయను. నన్ను లోపలికి తీసుకువెళ్ళింది అక్కడి మేస్త్రి. మా బాబాయికి పరిచయస్తుడు. "మన అమ్మాయే, చదువు కోసం వచ్చింది, ఏమడిగినా చెప్పండి" అని అందరికీ వినపడేలా చెప్పాడు. అనుమతి కోసం నెల రోజులు తిరగవలసి వస్తుందనుకున్నాను, ఒక్క పూటలో దొరికింది. రాత్రి ఇంటికి వచ్చాక కూడా ఆ సంతోషం తగ్గలేదు.

నా దగ్గర మూడు పుస్తకాలున్నాయి. అరచేతిలో ఇమిడేది షెడ్డులో రెండు మూడు మాటలు గీసుకోవడానికి. పెద్దది రాత్రి కూర్చుని ఆ మాటలను పూర్తిగా విస్తరించడానికి. ఆ రాత్రే రాయకపోతే మర్నాటికి మనుషుల మాటలు పోయి మన మాటలు మిగులుతాయని మా గైడు గారు పదేపదే చెబుతారు. మూడోది నా సొంత డైరీ. మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1914-18 మధ్య న్యూ గినీలో, ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉన్నప్పుడు రాసుకున్న సొంత డైరీ ఆయన చనిపోయిన పాతికేళ్ళకు, 1967లో అచ్చయింది. అంత గొప్ప పరిశీలకుడు అక్కడి మనుషుల మీద పడిన విసుగు, కోపం అందులో బయటపడ్డాయి. నా విసుగు కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి. రేపు నేను రాసినదాన్ని నేనే అనుమానించవలసి వస్తే, ఆ రోజు ఏ మనసుతో రాశానో తెలియాలి.

పేజీలన్నీ ఏ రోజుకారోజు ఫోనుతో ఫోటో తీసి దాస్తున్నాను. సామాజిక మానవశాస్త్రవేత్త ఎం.ఎన్.శ్రీనివాస్ మైసూరు దగ్గరి పల్లెలో సేకరించి, ఏళ్ళ తరబడి సరిచేసుకున్న నోట్సు మూడు ప్రతులూ 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఒకే మంటలో కాలిపోయాయి. ఆ సంగతి చదివినప్పటి నుంచి నాకు కాగితాన్ని చూస్తే భయం.

ఫిబ్రవరి 2

పది రోజులు పక్కన కూర్చుని చూశాక ఈ రోజు నేనూ గంప ముందు కూర్చున్నాను.

ఎడమ చేతిలో నాలుగైదు కాయలు, తొడిమలన్నీ ఒకే వైపు ఉండేలా. కుడి చేతి బొటనవేలి గోరు తొడిమ కింద ముచ్చిక అంచున ఆనాలి. గోరుతో నొక్కకూడదు, లేపాలి. లేపితే ముచ్చికతో సహా టక్కున ఊడి వస్తుంది, కాయ మూతి గుండ్రంగా మిగులుతుంది. నొక్కితే కాయ చీలి గింజలు రాలతాయి. రాలిన గింజలు కనిపిస్తే మేస్త్రి తిడతాడు. పొద్దున చల్లదనానికి కాయ మెత్తగా ఉన్నప్పుడు పని సాగుతుంది. ఎండ ముదిరాక కాయ పెళపెళలాడుతుంది, చేయి నెమ్మదిస్తుంది. అందుకే వాళ్ళు చీకటితో వస్తారు. నేను ఎండెక్కాక వచ్చి "ఇంత నెమ్మదిగా చేస్తున్నారే" అని మొదటి వారం నోట్సులో రాసుకున్నాను. ఆ పేజీ కొట్టేయలేదు, పక్కన తేదీ వేసి అసలు కారణం రాశాను.

మధ్యాహ్నానికి నా వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండాయి. పరుగెత్తి కుళాయి కింద పెట్టాను. నా పక్కన కూర్చునే పెద్దమ్మ "నీళ్ళు పోయకమ్మా, ఇంకా పాకుతుంది" అని నా చేతులు లాక్కుని కొబ్బరి నూనె రాసి, బట్టతో తుడిచి, మళ్ళీ నూనె రాసి, అప్పుడు సబ్బు ఇచ్చింది. క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుందని పదో తరగతిలోనో ఎక్కడో చదివే ఉంటాను. చదివిన సంగతి ఆ మంటలో గుర్తుకు రాలేదు, ఆమె చేతికి మాత్రం తెలుసు. ఆ షెడ్డులో చంటిపిల్లల తల్లులు పాలిచ్చే ముందు ఇదంతా ఎలా చేస్తారో ఆ తరువాత గంటసేపు నాకు చెప్పారు. ఏ ప్రశ్నావళిలోనూ ఆ ప్రశ్న లేదు.

రాత్రి కళ్ళజోడు తీస్తూ పొరపాటున కన్ను తుడుచుకున్నాను. రాసుకోవడం రెండు గంటలు ఆలస్యమైంది.

ఫిబ్రవరి 13

అంగీకార పత్రాలు పక్కన పెట్టేశాను. సంతకం అనగానే ముఖాలు మారిపోతున్నాయి. గ్రూపు అప్పు తీసుకున్నప్పుడు పెట్టిన సంతకం, ఇంకొకరికి హామీగా వేసిన వేలిముద్ర, ప్రతి ఒక్కరికీ ఒక కథ ఉంది. గైడు గారితో మాట్లాడి నోటి మాటగా అనుమతి తీసుకుంటున్నాను. ఎందుకు అడుగుతున్నానో, ఎవరు చదువుతారో, ఎప్పుడైనా వద్దనవచ్చని ప్రతిసారీ చెబుతున్నాను.

వాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నలు కూడా రాస్తున్నాను. పెళ్ళయిందా, ఎందుకు కాలేదు, ఈ చదువుకు జీతం ఎంత వస్తుంది. నిన్న ఒకావిడ నెమ్మదిగా "మీరు ఏమిటివాళ్ళమ్మా?" అని అడిగింది. చెప్పాను. ఆమె తల ఊపి మళ్ళీ కాయలు అందుకుంది. ఆ తల ఊపడంలో ఏముందో తెలియలేదు. నా నీళ్ళ సీసా వైపు ఒకసారి చూసింది. షెడ్డు మూలన వాళ్ళ బిందె ఉంది, మూడు వారాలుగా నేను దాని దగ్గరకు వెళ్ళలేదు. కావాలని చేసింది కాదు, అలవాటుగా సీసా తెచ్చుకుంటున్నాను. కాని వాళ్ళ వైపు నుంచి చూస్తే అలవాటుకూ పట్టింపుకూ తేడా ఎలా తెలుస్తుంది? ఈ రోజు సీసా తీసుకువెళ్ళలేదు.

ఫిబ్రవరి 24

నెల రోజుల పని తలకిందులైంది.

ఇక్కడ కూలి గంప లెక్కన. మేస్త్రి మనిషి గంప నింపి ఇచ్చి పుస్తకంలో పేరుకు ఎదురుగా గీత పెడతాడు. నేను మొదటి వారం నుంచి ప్రతి సాయంత్రం ఆ పుస్తకం అడిగి లెక్కలు ఎత్తి రాసుకుంటున్నాను. మేస్త్రి ఎంతో మర్యాదగా ఇస్తున్నాడు. ఎవరు రోజుకు ఎన్ని గంపలు తీస్తారో చక్కటి పట్టిక తయారైంది. తరువాత ఆడవాళ్ళను అడిగితే వాళ్ళూ అవే అంకెలు చెప్పారు. రెండు చోట్లా లెక్క కలిసిందంటే సమాచారం గట్టిదని పొంగిపోయాను.

ఈ రోజు పెద్దమ్మ లేచి వెళ్ళినప్పుడు ఆమె పీట పక్కన కొబ్బరి చిప్ప కనిపించింది. అందులో కొన్ని తొడిమలు. చెత్త అనుకుని గుట్టలో పారబోయబోయాను. అటు వైపు కూర్చున్న అక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది. "అది ఆమె లెక్క."

ఒక్కో గంపకు ఒక్కో తొడిమ. ఈ వరుసలో ఆరుగురికి అలాంటి చిప్పలో, డబ్బాలో, కొంగు ముడులో ఉన్నాయి. నెల రోజులు వాళ్ళ మధ్యే కూర్చున్నాను, నాకు ఒక్కటీ కనిపించలేదు.

"మరి నేను అడిగినప్పుడు పుస్తకంలో లెక్కే ఎందుకు చెప్పావు పెద్దమ్మా?" అని అడిగాను.

"నువ్వు ఆయన పుస్తకం చూసి రాసుకుంటున్నావు కదా. అందులో ఉన్నది కాక వేరేది చెబితే నేను ఆయన్ను దొంగ అన్నట్టే కదా."

ఫిబ్రవరి 26

రెండు రోజులు షెడ్డుకు వెళ్ళలేదు. ఎత్తి రాసిన పట్టికలన్నింటి పైనా "మేస్త్రి పుస్తకం ప్రకారం" అని ఎర్ర సిరాతో రాశాను. నేను మేస్త్రి గుమ్మం గుండా లోపలికి వెళ్ళాను కాబట్టి మేస్త్రి మనిషినే అయ్యాను. అంత సులువుగా అనుమతి దొరికినప్పుడు సంతోషించానే కాని, ఆ అనుమతి ఇచ్చింది ఎవరు, ఇవ్వవలసింది ఎవరు అని ఆలోచించలేదు.

నా శాస్త్రానికి ఈ పాపం పాతదే. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్, కె.రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు. గుంటూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. కొలత పరికరాలు పట్టుకుని మనుషుల తలలు, ముక్కులు కొలిచిన కాలం అది. ఆ సంపుటాల్లో విలువైన సంగతులు ఉన్నాయి, నేనూ వాడుకుంటాను. కాని కొలిపించుకున్న మనిషి తనను తాను ఎలా లెక్కవేసుకుంటాడో ఆ కొలతల్లో దొరకదు. నా పట్టిక కూడా అలాగే తయారైంది.

పరిశోధన అంశం కుదించాను. ఇక నుంచి ఒకటే ప్రశ్న: ఈ ఆడవాళ్ళు తమ పనిని తాము ఎలా లెక్క పెట్టుకుంటారు. గైడు గారు ఒప్పుకున్నారు.

మార్చి 6

మేస్త్రి పుస్తకం అడగడం మానేసి పది రోజులైంది. మాటల తీరు మారింది. "మేడమ్" పోయి "అమ్మాయ్" వచ్చింది.

మూలన కూర్చునే ఒకావిడది కోసిగి వైపు. "సుగ్గికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను" అంది. కర్నూలు పడమటి పల్లెల వాళ్ళు పంటలు అయిపోయాక మిరప కోతలకు గుంటూరు వైపు రావడాన్ని సుగ్గి అంటారు. కన్నడంలో ఆ మాటకు కోతల కాలమని, పంట ఇంటికి వచ్చే పండుగ రోజులని అర్థం. మన కాగితాల్లో మాత్రం అది వలస. మాట ఒకటే అయినా తూకం వేరు. ఆమె సుగ్గి అన్నప్పుడు అందులో ఊరు ఊరంతా కలిసి ట్రాక్టరెక్కడం, పొలంలో పట్టాల గుడారాలు, ఉగాదికి తిరిగి వెళ్ళడం ఉన్నాయి. బడి మానిన పిల్లలూ ఉన్నారు. ఆమె మూడో తరగతి అక్కడే ఆగింది.

ఆమె దగ్గర చిప్ప లేదు. కొంగు అంచుకు దారపు ముడులు వేస్తుంది. సాయంత్రం అవి విప్పుతూ పక్కవాళ్ళకు వినపడేలా పైకి లెక్కపెడుతుంది. చిప్పల వాళ్ళు మనసులో లెక్కపెడతారు. ఎందుకని అడిగితే ఆమె చెప్పింది: "పొలంలో అందరం ఒక ఊరివాళ్ళం, పైకే చెప్పుకునేవాళ్ళం. ఇక్కడ ఒకరి లెక్క ఒకరు వినరు, నాకు అలవాటు పోలేదు." ఈ ఒక్క మాట కోసం ఒక అధ్యాయం రాయవచ్చు.

మార్చి 19

ఈ రోజు జరిగింది నెమ్మదిగా, వరుసగా రాసుకోవాలి.

సాయంత్రం పుస్తకంలో పెద్దమ్మ పేరుకు ఎదురుగా పదకొండు గీతలు. ఆమె కాదంది. గొంతులు పెరిగాయి. ఉన్నట్టుండి ఆమె నా వైపు తిరిగి "ఈ అమ్మాయి పొద్దుటి నుంచి నా పక్కనే ఉంది. చిప్ప చూసి చెప్పమనండి" అంది.

షెడ్డంతా నన్ను చూసింది. నేను పరిశోధకురాలిని, తగువులో తలదూర్చకూడదు. కాని పొద్దుటి నుంచి ఆమె పక్కన ఉన్నది నిజం, నోరు మూసుకుంటే అది మేస్త్రి వైపు మాట్లాడినట్టే. చిప్ప ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టాను. నిండు తొడిమలు పదకొండు, విరిచినవి నాలుగు. విరిచినవి అరగంపలకు గుర్తు అనుకున్నాను, సాయంత్రం కాయ తక్కువైనప్పుడు అరగంపలు ఇవ్వడం నేను చూశాను. "పదమూడు" అన్నాను. మేస్త్రి కాసేపు నన్నే చూసి, పుస్తకంలో ఇంకో రెండు గీతలు పెట్టాడు. పెద్దమ్మ ఏమీ అనలేదు. చిప్ప తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

న్యాయం జరిగిందని అనుకుంటున్నాను. నిద్ర పట్టడం లేదు.

మార్చి 21

షెడ్డులోకి రానివ్వలేదు. "మీ చదువు పని ఇంకెక్కడైనా చూసుకోండి" అన్నారు, అంతే. బాబాయి ఫోను చేసి కోప్పడ్డాడు. అతని పరువు నేను ఆలోచించని మాట నిజం.

ఏప్రిల్ 9

ఇప్పుడు సాయంత్రాలు వాళ్ళ ఇళ్ళ దగ్గరే గడుపుతున్నాను. షెడ్డు పోయిందని రెండు వారాలు కుమిలాను. ఇంటి అరుగు మీద కూర్చున్నాక తెలిసింది, షెడ్డులో ఎవరూ మొత్తం వాక్యం మాట్లాడేవారు కాదు. అక్కడ ప్రతి మాటా సగంలో ఆగి, మేస్త్రి అటు వెళ్ళాక పూర్తయ్యేది. పనిలో ఉన్న చేతులను చూడాలంటే షెడ్డు కావాలి, మాట వినాలంటే అరుగు కావాలి. మొదటే రెండూ కలిపి ప్రణాళిక వేసుకోవలసింది. నా వల్ల ఎవరి పనీ పోలేదని ఒక్కొక్కరినీ విడిగా అడిగి తెలుసుకున్నాను. పోయి ఉంటే ఈ పని ఇక్కడితో ఆపేసేదాన్ని.

థీసిస్‌లో అసలు పేర్లు పెట్టను, మీకు నచ్చిన పేరు మీరే చెప్పండి అన్నాను. ఆ సాయంత్రమంతా అదే మాట. ఒకావిడ "సావిత్రి" అంది, సినిమా సావిత్రి మన చిర్రావూరు పిల్ల కదా అని. ఇంకొకావిడ చనిపోయిన కూతురి పేరు చెప్పి, నేను రాసేదాకా పుస్తకం వైపే చూసింది. కోసిగి ఆవిడ రెండు రోజులు గడువడిగి తన ఊరి దేవత పేరు చెప్పింది.

పెద్దమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నా పేరు నాకుంది. అది లేకపోతే ఇదంతా నేను చెప్పినట్టు ఎవరికి తెలుస్తుంది?" మేస్త్రి చదివితే ఇబ్బంది కాదా అన్నాను. "ఆయనకు ఎలాగూ తెలుసు" అంది. ఆమె చెప్పింది నిజమే. నియమం పెట్టినవాళ్ళ ఉద్దేశమూ మంచిదే. ఆమె గడి ఖాళీగా ఉంచాను.

మే 17

యార్డుకు వేసవి సెలవులు. చుట్టుగుంటలో గాలి మామూలుగా ఉంది, అదే వింతగా అనిపించింది. అధ్యాయం చిత్తుప్రతి తెలుగులోనే రాసి, పెద్దమ్మ ఇంటి ముందు ఏడుగురికి చదివి వినిపించాను. మనుషుల గురించి రాసినది ముందు ఆ మనుషులు వినాలని మొదటి నుంచీ అనుకున్నాను.

నూనె గురించి రాసింది విని నవ్వారు, బాగుంది అన్నారు. కూలీ ఇళ్ళలో మగవాళ్ళ తాగుడు గురించి రాసిన పేరా తీసేయమన్నారు, తీసేశాను. తెల్లవారుజామున షెడ్డుకు నడిచే దారిలో వీధి దీపాలు లేవని రాయమన్నారు, రాసుకున్నాను. తరువాత చిప్ప దగ్గరకు వచ్చాను. "నిండు తొడిమ గంపకు గుర్తు, విరిచిన తొడిమ అరగంపకు గుర్తు."

ఎవరూ మాట్లాడలేదు. సావిత్రి అని పేరు పెట్టుకున్న అక్క పెద్దమ్మ వైపు చూసింది.

"అరగంపకు మేము గుర్తు పెట్టుకోము" అంది పెద్దమ్మ. "రెండు అరలైతే ఒక తొడిమ వేస్తాను. విరిచింది రాయని గంపకు. గంప ఇచ్చి గీత పెట్టకుండా అటు వెళ్ళాడనుకో, అప్పుడు విరిచి వేస్తాను."

పదకొండు నిండువి, నాలుగు విరిచినవి. మొత్తం పదిహేను గంపలు. నేను నలుగురి ముందు సాక్ష్యంగా పదమూడు అన్నాను. రెండు గంపల కూలి నా నోటి మాటతో పోయింది. అది జరిగి రెండు నెలలు. ఈ రెండు నెలల్లో ఆమె ఇంట్లో ఎన్నిసార్లు కాఫీ తాగానో.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"లెక్కపెట్టమని నిన్ను పిలిచింది నేను. నలుగురిలో నీ లెక్క తప్పని నేనే ఎలా అంటాను? రేపు నీ మాటకు విలువ ఉంటుందా?"

రెండు గంపల కూలి ఇవ్వబోయాను. తీసుకోలేదు, కోపం కూడా తెచ్చుకుంది. మార్చి 19 పేజీ తీసి, పాత వాక్యం కొట్టేయకుండా, కింద ఈ రోజు తేదీ వేసి సరిచేశాను. అధ్యాయంలో కూడా ఆ తప్పును తప్పుగానే రాస్తానని చెప్పాను. సరేనంది.

లేవబోతుంటే "నా పేరు రాలేదు" అంది. అచ్చు ప్రతిలో పెట్టడానికి వీలు లేదని, ఆమెకు ఇచ్చే ప్రతిలో మాత్రం నా చేత్తో రాస్తానని చెప్పాను. చేతిలో ఉన్న చిత్తుప్రతి మొదటి పేజీ మీద అప్పుడే రాయమంది. పెద్ద అక్షరాలతో రాసి చూపించాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం తడిమింది.

"ఇంటిపేరు?"

"పుట్టింటిదా, అత్తింటిదా?" అని అడిగాను.

చాలాసేపు ఆలోచించింది. అటు వైపు అక్కలు ఇద్దరూ తలొక మాట చెప్పారు, పట్టించుకోలేదు.

"చిప్పలో తొడిమలు వేయడం మా అమ్మ నేర్పింది" అంది. "పుట్టింటిదే రాయి."